చేతి కానుకను ఆటలో పందెం పెట్టకండి

ప్రశ్న: మాది 24 మంది సభ్యులున్న క్విల్టింగ్ క్లబ్బు, గుడ్డ ముక్కలు కలిపి బొంతలు కుడుతుంటాం. ఏటా సంవత్సరాంతపు సెలవుల్లో అందరం కలిసి వేడుక చేసుకుంటాం. ఎవరికి వారు సొంతంగా కుట్టిన కానుక ఒకటి పొట్లం కట్టి తేవాలన్నది మా పాత నియమం. కిందటి ఏడాది కొత్తగా ఒక ఆట పెట్టాం. చీటీల వరుసలో ఒక్కొక్కరే వచ్చి ఒక పొట్లం విప్పుకోవాలి, లేదంటే అప్పటికే విప్పిన వారి చేతిలోని కానుకను లాక్కోవాలి. మొదట్లో నవ్వులే నవ్వులు. బాగా కుట్టే ముగ్గురి కానుకలు నాలుగైదు చేతులు మారాయి. కొత్తగా చేరిన ఒకామె, వేడి గిన్నెలు దించుకునే మెత్త ఒకటి కుట్టి తెచ్చింది. దాన్ని ఎవరూ లాక్కోలేదు. ఒక సభ్యురాలు కానుక పంపి తాను రాలేదు కాబట్టి ఒక పొట్లం ఎక్కువైంది. చివరి వంతులో, ఆ మెత్త దక్కినావిడ దాన్ని బల్ల మీద పెట్టేసి, మిగిలిన పొట్లం తీసుకుంది. కుట్టినామె అక్కడే ఉంది. నవ్వుతూనే ఉంది. తర్వాత రెండు సమావేశాలకు వచ్చి మానేసింది. ఆ మెత్త ఇప్పుడు నా దగ్గర ఉంది. ఈ ఏడు వేడుక దగ్గరపడుతోంది. ‘మేం 30 గంటలు కూర్చుని కుట్టినది ఇస్తే, గంటలో ముగించినది మాకు వస్తోంది’ అని పాతవారిలో కొందరి ఫిర్యాదు. చేతి కానుకలు మానేసి కొన్నవే తెచ్చుకుందామని మరికొందరు. ఆటలే వద్దనేవారూ ఉన్నారు. మాకు మూడు గంటల సమయం, ఒక పెద్ద హాలు, రెండు కుట్టు మిషన్లు ఉన్నాయి. ఏం చేయమంటారు?
— క్లబ్బు కార్యదర్శి

సమాధానం:

కార్యదర్శి గారూ,

ఆ మెత్తను పారేయకుండా ఇంటికి తెచ్చి దాచినందుకు ముందుగా మీకు నమస్కారం. మీ ఉత్తరంలో ‘నవ్వుతూనే ఉంది’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నలుగురి ముందు తన చేతిపని బల్ల మీద ఒంటరిగా మిగిలిపోతే, నవ్వడం తప్ప ఎవరైనా చేయగలిగింది ఏముంటుంది?

చేతి కానుకలు మానకండి. ఆటలూ మానకండి. ఆ రెండింటినీ కలపడం మానండి. కిందటి ఏడాది జరిగిన పొరపాటు అదొక్కటే, ఎవరి మనసులోనూ చెడ్డ ఉద్దేశం లేదు.

లాక్కునే ఆట కొన్న వస్తువులతో ఆడుకోదగ్గది. దానిలోని సరదా అంతా పోల్చడంలోనే ఉంది. నా చేతిలో ఉన్నదానికంటే ఆవిడ చేతిలోది బాగుంది, కాబట్టి లాక్కుంటాను. కొన్న వస్తువు ఎవరికీ నచ్చకపోతే ఆ మాట తయారు చేసినవారి చెవిన పడదు, వారు ఆ గదిలో ఉండరు. మీ హాల్లో మాత్రం ఆ వస్తువులను కుట్టిన చేతులు అక్కడే ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాయి. అలాంటప్పుడు ప్రతి లాగుడూ ఒక మార్కు వేయడమే. అయిదుసార్లు చేతులు మారిన కానుకకు అయిదు మార్కులు, ఎవరూ ముట్టనిదానికి సున్నా. మీరు పోటీ పెట్టలేదు, న్యాయనిర్ణేతలను పిలవలేదు. అయినా వేడుక పోటీ అయిపోయింది. పైగా తాను పోటీలో ఉన్నానని ముందుగా ఎవరూ చెప్పని పోటీ అది.

అందుకని నా సలహా ఇది. ఆటల్లో గుడ్డ ముక్కలు పెట్టండి. అవి ఎన్ని చేతులు మారినా ఎవరి మనసూ కష్టపడదు. కుట్టిన కానుకలు మాత్రం ఎవరూ ఏరుకోని పద్ధతిలో, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి నేరుగా వెళ్లాలి.

ఇక పాతవారి ఫిర్యాదు సంగతి. అది న్యాయమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. 30 గంటలు వంగి కూర్చున్న నడుముకు తెలుస్తుంది ఆ బాధ. అయితే దానికి విరుగుడు కొత్తవారిని ఇంకా బాగా కుట్టమనడం కాదు, పాతవారిని తక్కువ కుట్టమనడం. కొలత నైపుణ్యంలో పెట్టకండి, ఖర్చులోనూ పెట్టకండి, గంటల్లో పెట్టండి. గుడ్డ ఎంచుకోవడం, కత్తిరించడం, ఇస్త్రీ చేయడం, కుట్టడం అన్నీ కలిపి అయిదు గంటలకు మించకూడదని రాసి పంపండి. అయిదు గంటల్లో చేయి తిరిగినవారు చేసేదీ, ఏడాది కిందట సూది పట్టినవారు చేసేదీ ఒకలా ఉండవు, నిజమే. కానీ ఇద్దరూ ఇచ్చినది అయిదేసి గంటలే. ఎవరికీ తక్కువ ఇచ్చామనిపించదు, తక్కువ వచ్చిందనీ అనిపించదు.

అయిదు గంటల్లో అయ్యేవి చాలానే ఉన్నాయి. సూదులు గుచ్చుకునే చిన్న దిండు, సూదులు దాచుకునే గుడ్డ పుస్తకం, కత్తెర ఒర, కప్పు కింద వేసే మెత్త, తాడు లాగి మూసే సంచి, మిషన్ పక్కన వేలాడదీసి దారపు తునకలు వేసుకునే తిత్తి. సూదుల దిండు కుట్టేవారికి ఒక మాట. దూది కుక్కితే సరిపోతుంది గానీ, లోపల ఒక చిన్న అరలో ఎమరీ పొడి, అంటే పదును పెట్టే గరుకు రాతి పొడి, పోసి కుట్టేస్తే, గుచ్చినప్పుడల్లా సూది మొన పదునెక్కుతుంది. టమాటా ఆకారంలో వచ్చే పాత సూదుల దిండుకు ఒక చిన్న స్ట్రాబెర్రీ వేలాడుతుంటుంది కదా, దానిలో ఉండేది ఆ పొడే. అలంకారం కోసమే అనుకుని దాన్ని కత్తిరించి పారేసినవారు ఎందరో నాకు తెలుసు. వేడి గిన్నెల మెత్త కుట్టేవారు మాత్రం ఒక విషయం తప్పక గుర్తుంచుకోవాలి. లోపలి పొర నూలుదే కావాలి. పాలియెస్టర్ పొర వేడికి కరుగుతుంది, చేయి కాలుతుంది. పై గుడ్డ, అడుగు గుడ్డ, దారం కూడా నూలువే అయితే మరీ మంచిది.

కానుక ఎవరికి వెళ్లాలన్నది వేడుక రోజున తేల్చకండి. ఎనిమిది వారాల ముందే చీటీలు తీయండి. ప్రతి సభ్యురాలూ ఒక చీటీ మీద తన పేరు, తనకు ఇష్టమైన రంగు, అసలు పడని రంగు, తన కుట్టుపెట్టెలో లేని వస్తువు ఒకటి రాసి ఇవ్వాలి. ఆఖరిది చాలా ముఖ్యం. ‘నా పెద్ద కత్తెరకు ఒర లేదు, సంచిలో పెడితే గుడ్డ చిరుగుతోంది’ అని ఒకావిడ రాసిందనుకోండి, ఆ చీటీ తీసినవారికి సగం పని అయిపోయినట్టే. కుట్టేటప్పుడు ఆ కత్తెర, ఆ సంచి, ఆవిడ కళ్ల ముందు ఉంటారు. ఎవరికి వెళ్తుందో తెలియకుండా కుట్టినదానికీ, ఒక మనిషిని తలచుకుంటూ కుట్టినదానికీ తేడా కొలవడానికి టేపు పనికిరాదు గానీ, పుచ్చుకున్నవారికి ఇట్టే తెలిసిపోతుంది. కొత్తవారికి ఇందులో ఇంకో మేలుంది. గొప్పగా కుట్టాలన్న భయం పోయి, కత్తెర పట్టేలా కుట్టాలన్న పని మిగులుతుంది. భయం కంటే పని ఎప్పుడూ తేలిక.

ఎవరో ఒకరికి జ్వరం వస్తుంది, ఎవరికో ఊరు వెళ్లాల్సి వస్తుంది. అందుకని మీరూ, ఇంకొకరూ కలిసి రెండు కానుకలు అదనంగా కుట్టి పక్కన పెట్టుకోండి. తనకు రావలసినది రాక ఖాళీ చేతులతో ఏ ఒక్కరూ ఇంటికి వెళ్లకూడదు.

ఇచ్చే పద్ధతి గురించి కూడా చెప్పాలి. ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి, విప్పించి, పైకెత్తి అందరికీ చూపించి చప్పట్లు కొట్టించడం వద్దు. 24 మందికి మనిషికి రెండు నిమిషాల చొప్పున వేసుకున్నా 48 నిమిషాలు పడుతుంది. పదో పొట్లం దగ్గర చప్పట్లు పలచబడతాయి, ఆ పలచబడిన చప్పట్లు ఎవరి వంతున పడితే వారు వాటిని లెక్కపెట్టుకుంటారు. దానికి బదులు అందరూ ఒకేసారి లేచి, తాము కుట్టినదాన్ని తీసుకుని, ఎవరికోసం కుట్టారో వారి దగ్గరకు వెళ్లి పక్కన కూర్చుని ఇవ్వాలి. తీసుకున్నవారు విప్పాలి. కుట్టినవారు దాని గురించి ఒక్క సంగతి చెప్పాలి. ఈ నీలిగుడ్డ ఎక్కడిది, ఎక్కడ కుట్టు విప్పి మళ్లీ వేయాల్సి వచ్చింది, ఏమైనా సరే. హాలంతా ఒకేసారి మాటలతో నిండిపోతుంది, ఎవరి కానుక మీదా దీపం పెట్టినట్టు అందరి కళ్లూ ఉండవు. అరగంటలో అయిపోతుంది. ప్రతి కానుక వెనకా చిన్న గుడ్డ పట్టీ మీద కుట్టినవారి పేరు, సంవత్సరం ఉండాలని కూడా నియమం పెట్టండి. పేరు లేని పాత బొంతలు పెట్టెల్లోంచి బయటపడినప్పుడు ఎవరు కుట్టారో చెప్పేవారు మిగలక ఎన్ని ఇళ్లలో చూస్తూ ఉండిపోయారో! పేరు రాయడానికి పట్టేది రెండు నిమిషాలే.

ఇక ఆటలు. నేను పెట్టమనేవి మూడు.

మొదటిది పాచికలాట. క్విల్టింగ్ క్లబ్బుల్లో చాలాకాలంగా ఆడుతున్నదే. ఎనిమిది మందికి ఒక బల్ల చొప్పున మూడు బల్లలు వేయండి. ప్రతి ఒక్కరూ మూడు ఫ్యాట్ క్వార్టర్లు తెచ్చుకోవాలి. గజం గుడ్డను సన్నటి పట్టీలా కాకుండా కాస్త చదరంగా కోస్తే వచ్చే 18 అంగుళాలకు 22 అంగుళాల పావు ముక్క అది, మీ సభ్యులకు చెప్పనక్కరలేదు. బల్లకు మూడు పాచికలు. ఒకటి పడితే ఎడమ పక్కవారికి ఒక ముక్క, రెండు పడితే మధ్యలోని కుప్పలోకి, మూడు పడితే కుడి పక్కవారికి. నాలుగు, అయిదు, ఆరు పడితే ముక్క మీ దగ్గరే ఉంటుంది. చేతిలో రెండే ముక్కలు మిగిలితే రెండు పాచికలే వేయాలి, ఒకటే ఉంటే ఒకటే. ముక్కలన్నీ పోయినవారు లేచిపోకూడదు, ఎందుకంటే మరుక్షణంలో పక్కవారి పాచిక వారి ఒళ్లో ఒక ముక్క పడేయవచ్చు. నాకీ ఆటలో నచ్చేది ఇదే, ఓడిపోయినవారు కూడా ఆటలోనే ఉంటారు. చివరికి ఒక్కరి చేతిలోనే ముక్కలు మిగిలినప్పుడు కుప్పంతా వారిదే. ఇక్కడ నేనొక చిన్న మార్పు చేస్తాను. గెలిచినవారు కుప్ప తీసుకునే ముందు మిగిలిన ఏడుగురూ తలా ఒక ముక్క ఎంచుకోవాలి. 24 లో ఏడు పోయినా గెలిచినవారికి 17 మిగులుతాయి. ఒక్క పావు ముక్కలోంచి అయిదంగుళాల చదరాలు 12 వస్తాయి కాబట్టి, ఓడినవారు కూడా ఉత్త చేతులతో వెళ్లరు. చేతివేళ్లు నొప్పులున్న పెద్దవారు కూడా పాచికలు వేయగలరు, చూపు మందగించినవారూ ఆడగలరు. కళ్లకు గంతలు కట్టి సూదిలో దారం ఎక్కించే పందేలు కొందరు పెడతారు. అవి నాకు నచ్చవు. సూది గుచ్చుకుంటుంది, పైగా ఏటేటా చూపు తగ్గుతున్నవారికి ఆ సంగతి అందరి ముందు గుర్తు చేసినట్టవుతుంది.

పాచికలు వద్దనుకుంటే కథ చెప్పే ఆట పెట్టుకోవచ్చు. అందరూ గుండ్రంగా కూర్చుని ఒళ్లో ఒక గుడ్డ ముక్కల పొట్లం పెట్టుకుంటారు. ఒకరు కథ చదువుతారు. కథలో ‘కుడి’ అన్నప్పుడల్లా పొట్లం కుడి పక్కకు, ‘ఎడమ’ అన్నప్పుడల్లా ఎడమ పక్కకు జరగాలి. ‘కుడి చేత కత్తెర పట్టి, ఎడమ భుజాన టేపు వేసుకుని, కుడి పక్క అలమారలో ఎర్రగుడ్డ వెతికితే, అది ఎడమ కాలి కిందే ఉంది’ అని ఇలా సాగాలి, కాస్త వేగంగా చదివితే నవ్వులు ఆగవు. కథ రాసేవారు ఒక లెక్క చూసుకోవాలి. కుడులూ ఎడమలూ సమానంగా ఉంటే చివరికి ఎవరి పొట్లం వారి ఒళ్లోకే తిరిగి వస్తుంది! కుడి 17 సార్లు, ఎడమ 12 సార్లు వచ్చేలా రాస్తే, ఎనిమిది మంది కూర్చున్న చోట ప్రతి పొట్లం కుడివైపు అయిదు స్థానాలు జరిగి ఆగుతుంది.

రెండోది ఆట అనడం కంటే చూడముచ్చట అనాలి. ప్రతి ఒక్కరూ తాము మొట్టమొదట కుట్టినదాన్ని తేవాలి. అది లేకపోతే, మధ్యలో వదిలేసిన అతి పాత బొంత ముక్క తేవాలి. హాల్లో ఒక తాడు కట్టి, పేర్లు లేకుండా, అంకెలు వేసి క్లిప్పులతో వరుసగా వేలాడదీయండి. ఏది ఎవరిదో అందరూ ఊహించి కాగితం మీద రాయాలి. ఎక్కువ సరిగా రాసినవారికి ఒక దారపు కండె చాలు బహుమతిగా.

నా మొదటి ముక్క ఇప్పటికీ నా దగ్గర ఉంది. తొమ్మిది గళ్ల ముక్క. మూడున్నర అంగుళాల చదరాలు తొమ్మిది కలిపితే తొమ్మిదిన్నర అంగుళాలు రావాలి, నాది తొమ్మిదే వచ్చింది. అంచు నుంచి పావు అంగుళం లోపల వేయాల్సిన కుట్టును ఇంకో అరపావు లోపలికి వేశాను. ప్రతి కుట్టు దగ్గరా రెండు వైపుల నుంచీ అరపావు చొప్పున పోయి, రెండు కుట్లకు అర అంగుళం మాయమైంది. మధ్య గడి నాలుగు మూలల్లో ఒక్కటి కూడా పక్క మూలతో కలవలేదు. ఒకచోట పసుపు గుడ్డ తిరగేసి కుట్టేశాను, అచ్చు లోపలికి పోయి వెలిసిన వెనకవైపు పైకి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత దాన్ని చేతిలోకి తీసుకుంటే నాకు కనిపించేది తప్పులు కాదు, ఆ రాత్రి దాన్ని దీపం కింద పట్టుకుని పదిసార్లు తిప్పి చూసుకున్న సంతోషం.

మీ క్లబ్బులో బాగా కుట్టే ఆ ముగ్గురి మొదటి ముక్కలు ఆ తాడు మీద వేలాడాలి. కొత్తవారు చూడాల్సింది ముఖ్యంగా వాటిని. వారికి ఇప్పటిదాకా కనిపించింది పూర్తయిన పని మాత్రమే, అక్కడిదాకా వచ్చిన దారి కనిపించలేదు. ఆ ముగ్గురినీ మీరే స్వయంగా అడగండి, ఎందుకు అడుగుతున్నారో కూడా దాచకుండా చెప్పండి. వారు కాదనరని నా నమ్మకం.

వంకర కుట్టు గురించి ఇంకొక్క మాట. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే చోట నల్లజాతి స్త్రీలు తరతరాలుగా అరిగిపోయిన పనిబట్టలు, మోకాళ్లు చిరిగిన ప్యాంట్లు కోసి, చలికి కప్పుకోవడానికి బొంతలు కుట్టుకున్నారు. వాటి గీతలు తిన్నగా ఉండవు, పట్టీలు ఒకచోట వెడల్పు, మరోచోట సన్నం. 2002లో అవి హ్యూస్టన్ లలితకళా మ్యూజియం గోడలకు ఎక్కాయి, అదే ఏడాది న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంకు వెళ్లాయి. ఆధునిక చిత్రకళను చూసినట్టు జనం వాటి ముందు నిలబడి చూశారు. కొలత తప్పినా ఫరవాలేదని చెప్పడానికి ఈ మాట తేలేదు. పావు అంగుళం కుట్టు నేర్చుకోవాలి, నేను గట్టిగా చెప్పేది కూడా అదే. కానీ ఒక పనిలో చూడదగ్గది మూలలు కలవడం ఒక్కటే కాదన్న సంగతి పాతవారికి తెలిసిన క్లబ్బులో కొత్తవారు నిలుస్తారు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మీ మూడు గంటల్లో అన్నిటికంటే ఎక్కువ సమయం దానికే ఇవ్వండి. రెండున్నర అంగుళాల వెడల్పున, గుడ్డ పన్నా పొడవునా కోసిన పట్టీలు తలా రెండు తెమ్మనండి. పన్నా 42 అంగుళాలకు తగ్గకుండా ఉంటే చాలు. మనకు కావలసినవి 40, మిగిలినవి పక్కన ఉంచుకోవచ్చు. ఈ 40 పట్టీలనూ వేడుకకు ముందే కొనకు కొన కలిపి ఒకే పొడవాటి పేలికగా కుట్టి పెట్టుకోవాలి. సుమారు 1,600 అంగుళాలు వస్తుంది, అంటే దాదాపు 40 మీటర్లు. ఒక కొన నుంచి 18 అంగుళాలు కత్తిరించి తీసేయండి. లేకపోతే పట్టీల అతుకులన్నీ ఒకదాని కింద ఒకటి పడి చారలా కనిపిస్తాయి.

వేడుక రోజున ఆ పేలిక రెండు కొనలూ కలిపి మంచివైపులు లోపలికి పెట్టి కుట్టడం మొదలుపెట్టాలి. మొదటి కుట్టు 800 అంగుళాలు, 20 మీటర్ల పైమాటే. హాలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మనుషులు బారుగా నిలబడి, మెలిక పడకుండా పేలికను చేతుల మీదుగా అందిస్తూ ఉండాలి. మిషన్ దగ్గర మాత్రం ఒక్కరే కూర్చుంటారు. కాస్త దూరం కుట్టాక సూదిని గుడ్డలోకి దింపి ఉంచి లేవాలి, తర్వాతివారు కూర్చుని అక్కడి నుంచే అందుకోవాలి. సూది పైకి ఉండగా లేస్తే కుట్టు పక్కకు జారుతుంది, కాబట్టి మిషన్ పక్కన ఒకరు నిలబడి ‘సూది కిందకు’ అని గుర్తు చేస్తుండాలి. చివర మడత దగ్గరకు వచ్చాక మడతను కత్తిరించి విప్పితే, రెండు పట్టీల వెడల్పున 800 అంగుళాల గుడ్డ తయారవుతుంది. దాన్ని మళ్లీ కొనకు కొన మడిచి కుట్టాలి, అప్పుడు నాలుగు పట్టీల వెడల్పున 400. తర్వాత 200, 100, చివరికి 50. అయిదు మడతలతో 50 అంగుళాలకు 64 అంగుళాల బొంత పైవరస మీ కళ్ల ముందే తయారవుతుంది. ఏ రంగు పక్కన ఏ రంగు పడుతుందో చివరి మడత విప్పేదాకా ఎవరికీ తెలియదు. ఆ విప్పే క్షణాన హాలంతా ఎలా మారిపోతుందో మీరే చూస్తారు.

మొత్తం కుట్టు 1,550 అంగుళాలు. 24 మందికి పంచితే మనిషికి సుమారు 65 అంగుళాలు. బాగా కుట్టేవారి 65 అంగుళాలు ఎక్కడ ఆగాయో, కొత్తవారివి ఎక్కడ మొదలయ్యాయో పైవరస మీద చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే ఇది పెట్టమంటున్నాను.

ఆట ఆడనంటున్నవారిని బలవంతం చేయకండి, వారికి పని ఇవ్వండి. ఒకరు ఇస్త్రీ బల్ల దగ్గర, ఒకరు మడత కత్తిరించడానికి, ఒకరు మిషన్ అడుగు దారపు చిన్న కండె, అంటే బొబ్బిన్‌లో దారం అయిపోకముందే రెండోది సిద్ధంగా పట్టుకోవడానికి. బొబ్బిన్లు అరడజను ముందే చుట్టి పెట్టుకోండి. రెండో మిషన్‌కు కూడా దారం ఎక్కించి ఉంచండి, మొదటిది మొండికేస్తే కుర్చీ మార్చుకుంటే చాలు. తినేవి, తాగేవి గోడ వారగా వేరే బల్ల మీద పెట్టించండి, నూనె చేతులతో గుడ్డ ముట్టుకోకుండా పక్కన తడిగుడ్డ ఒకటి ఉంచండి.

సమయం ఇలా సరిపోతుంది. మొదటి అరగంట వచ్చేవారు వస్తుంటే తాడు మీది ముక్కలు చూడటం, ఊహలు రాయడం. తర్వాత నలభై నిమిషాలు పాచికలు. అరగంట కానుకలు. మిగిలిన గంటా ఇరవై నిమిషాలు పేలిక బొంత. అది పూర్తి కాకపోయినా నష్టం లేదు, చివరి మడత తర్వాతి సమావేశంలో కుట్టుకోవచ్చు. ఎలాగూ దూదిపొర, అడుగుగుడ్డ పరిచి టాకాలు వేయడానికి అందరూ మళ్లీ కూర్చోవాలి కదా.

ఆ బొంత ఎవరికి ఇవ్వాలో క్లబ్బు నిర్ణయించుకుంటుంది. ఎవరికిచ్చినా వెనకవైపు ఒక పట్టీ మీద 24 సంతకాలూ ఉండాలి. 1840ల్లో అమెరికాలో స్నేహపు బొంతలు కుట్టడం బాగా వ్యాపించింది. ఊరు విడిచి దూరాలకు వెళ్లిపోయే మనిషి కోసం, మిగిలినవారు తలా ఒక ముక్క మీద సిరాతో పేరు రాసి ఇచ్చేవారు. మీరు రాసేటప్పుడు గుడ్డ కలం కింద జారకుండా, వెనకవైపు ఫ్రీజర్ కాగితాన్ని, అంటే ఒక పక్క సన్నని ప్లాస్టిక్ పూత ఉన్న కాగితాన్ని, ఇస్త్రీతో అంటించండి. పూత ఉన్న వైపు గుడ్డకు ఆనాలి. రాయడం అయ్యాక దాన్ని ఒలిచేయవచ్చు. ఉతికినా పోని కలం వాడండి, అంచుల్లో అర అంగుళం వదలండి, లేకపోతే పేర్ల చివరి అక్షరాలు కుట్టులోకి పోతాయి. సిరా ఆరాక ఒకసారి వేడి ఇస్త్రీ తగిలించండి.

చివరగా ఆ మెత్త కుట్టినామె గురించి. వేడుక పిలుపు ఫోనులో పంపి ఊరుకోకండి, మీరే వెళ్లండి. వెళ్లే ముందు ఒక వారం పాటు ఆ మెత్తను మీ వంటగదిలో వాడండి. లోపలి పొర నూలుదో కాదో ముందు తెలుసుకోండి. వాడితే మసి అంటుతుంది, పసుపు మరక పడుతుంది, పడనివ్వండి. వెళ్లేటప్పుడు దాన్ని సంచిలో వేసుకుని వెళ్లి ఆమెకు చూపించండి. ‘ఇది నా దగ్గరే ఉంది, రోజూ వాడుతున్నాను’ అనండి. కిందటి ఏడాది పెట్టిన ఆట తప్పని, ఈ ఏడు దాన్ని తీసేశామని రెండు మాటల్లో చెప్పండి. అంతకు మించి ఓదార్చకండి. ఎక్కువ ఓదారిస్తే ఆమె మళ్లీ నవ్వాల్సి వస్తుంది.

ఆ తర్వాత ఆమెను సాయం అడగండి. 40 పట్టీలు కలపాలంటే 39 అతుకులు వేయాలి, వేడుకకు ముందు వారంలో ఒక్కరే కూర్చుని చేయాలంటే పెద్ద పనే. ఒక మధ్యాహ్నం మీ ఇంటికి రమ్మనండి. రాననడం ఆమె ఇష్టం, రానంటే చీటీలో ఆమె పేరు ఉంచాలో వద్దో అడిగి వచ్చేయండి. వస్తే, మిషన్ దగ్గర ఆమెను కూర్చోబెట్టి, పక్కన నిలబడి పట్టీలు మీరు అందించండి.